ఈనెకు అవతలి సగం

అరవయ్యో దశకం మొదట్లో ఒక ఎండాకాలం, గూడూరులో మా తోడల్లుడి ఇంటికి జనం విమానం టిక్కెట్టు చూడటానికి వచ్చేవాళ్ళు. ఆయన నా భార్యకు సొంత అక్క మొగుడు. వచ్చినవాళ్ళు వరండాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, వానల గురించి నాలుగు మాటలు ఆడి, "ఏదీ, ఒకసారి చూపిస్తావా?" అనేవాళ్ళు. ఆయన లోపలికి వెళ్ళి బీరువా తీసి, పట్టుగుడ్డలో చుట్టిన టిక్కెట్టు పట్టుకొచ్చేవాడు. రైలు టిక్కెట్టులా అది అట్టముక్క కాదు, చిన్న పుస్తకం. జనం దాన్ని రెండు చేతులతో అందుకునేవాళ్ళు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు మద్రాసు, బొంబాయి, లండన్ అని పైకి చదివేవాళ్ళు. రానివాళ్ళు కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేవాళ్ళు. ఎవరు చదివినా చదవకపోయినా ఆయన మాత్రం ఒక చోట వేలు పెట్టి చూపించేవాడు.

"ఇది చూసినావా? ఫస్టు క్లాసు."

ఒకరోజు నేనూ నా భార్యా అక్కడ ఉండగా, మా ఊరు కోట పక్కన వరి పండించే ఒక పెద్దాయన వచ్చాడు. టిక్కెట్టును వెలుతురుకు ఎత్తి పట్టి చూసి, "ఫస్టు క్లాసంటే ముందర ఉంటదా, ఎనకాలా?" అని అడిగాడు.

"ముందరే పెదనాయనా."

"అయితే ఇంజను పక్కనే. బొగ్గు నలుసులు కళ్ళల్లో పడి చస్తావు. ఒక పని చెయ్, ఎనక పెట్టె అడుగు."

"విమానానికి బొగ్గు ఉండదు పెదనాయనా."

"బొగ్గు లేకుండా అంత దూరం ఎట్టా పోతది? నీకు టిక్కెట్టు ఇచ్చినోడు నిన్ను మోసం చేసినాడబ్బయా."

అందరూ నవ్వారు. నా భార్య నవ్వలేదు. కోటకు తిరిగి వస్తూ బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఆ పెద్దాయన చెప్పింది నిజమేనా? ముందు పెట్టెలో నలుసులు పడతాయా?" అంది.

జెట్ విమానం దేంతో నడుస్తుందో నాకు తెలుసు. దాని మీద పత్రికలో వచ్చిన వ్యాసాలన్నీ చదివాను. "ఏమో, పడొచ్చు," అన్నాను. ఆ సాయంత్రం మా ఇద్దరికీ కొంత నిమ్మళంగా ఉంది.

నేను అప్పుడు ఒక తెలుగు దినపత్రికకు కోట విలేకరిని. కొద్దిగా మాగాణి ఉండేది, మిగతా పొద్దంతా వార్తలు. వార్తలు రాసి కవరులో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తే, అతను గూడూరు స్టేషన్లో మెయిలు డబ్బాలో వేసేవాడు. తుపాను, చేపల వేట, సహకార సంఘం ఎన్నికలు, కాలవ తవ్వకాలు, అధికారుల మకాములు, ఇవి నా సరుకు. కానీ పత్రిక రాగానే నేను మొదట తిప్పేది విదేశీ వార్తల పుట. యూరపు నదుల పేర్లు నాకు మా ఊరి కాలవల పేర్లలాగా నోటికి వచ్చేవి. కైరోలో ఏముందో, రోమ్‌లో ఏముందో చెప్పగలిగేవాణ్ణి. మా తోడల్లుడు ఇంగ్లండు వేరు, లండన్ వేరు అనుకునేవాడు. ఈ రెండింటిలో ముందు ఏది వస్తుందని నన్నే అడిగాడు. మా కుటుంబంలో ఒక మనిషి విమానమెక్కి ఆ పక్కకు పోవాలని రాసిపెట్టి ఉంటే, ఆ రాత చిరునామా తప్పి గూడూరు చేరిందని నా ఉద్దేశం.

నాకు కుళ్ళుగా ఉండేది. దీనికి పత్రికల్లో అసూయ అని మర్యాదగా రాస్తాం. ఇంట్లో అనుభవించేటప్పుడు మాత్రం అది కుళ్ళే.

ఇక్కడ మా పెళ్ళి సంగతి చెప్పాలి. మా మామగారు ఒక తుపాను ఏడాది పంట మొత్తం పోగొట్టుకున్నారు. అక్కకు ఒకసారి, చెల్లెలికి ఒకసారి పందిరి వేసే ఓపిక లేక ఇద్దరికీ ఒకే పందిట్లో, ఒకే ముహూర్తానికి పెళ్ళి చేశారు. వైశాఖ శుద్ధ దశమి. పీటల మీద నలుగురం. ఒకే పందిట్లో ఇద్దరు ఆడపిల్లలకు తాళి కడితే ఒకరి భాగ్యం ఇంకొకరు లాగేసుకుంటారని బంధువుల్లో ఒక మాట లేచింది. మా అత్తగారు ఆ మాట విని భయపడింది. ఆలోచించి తనే ఒక ఏర్పాటు చేసింది. పెళ్ళి భోజనంలో అక్కచెల్లెళ్ళిద్దరినీ ఒకే అరిటాకుకు చెరో పక్క కూర్చోబెట్టింది. ఆకు మధ్య ఈనె ఉంటుంది కదా, ఈనెకు ఇవతల ఒకరిది, అవతల ఒకరిది. "ఏడాదికొకసారి ఇదే తిథినాడు ఇట్టాగే తినండి. ఎవరికి ఎంత ఉన్నా ఆ పూట ఇద్దరిదీ ఒకే ఆకు. అప్పుడు ఎవురూ ఎవురిదీ లాక్కున్నట్టు కాదు," అంది.

ఇది శాస్త్రంలో లేదు, మా చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. మా అత్తగారి సొంత కల్పన. కానీ అక్కచెల్లెళ్ళు దాన్ని పండగ కంటే గట్టిగా పట్టుకున్నారు. అత్తగారు పోయిన తర్వాత ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఒక ఏడు అక్క, అంటే మా వదిన, పురిటికి నెల్లూరు ఆస్పత్రిలో ఉంటే, నా భార్య ఆకును ఈనె వెంబడి చీల్చి, వదిన సగాన్ని వడ్డించినదాంతో సహా పొట్లం కట్టుకుని బస్సులో పోయి మంచం మీద తినిపించి వచ్చింది.

పెళ్ళినాడు నన్ను చూసి బంధువులు చిన్నదాని అదృష్టం అన్నారు. నాకు పొలముంది, చదువుంది. మా తోడల్లుడు అప్పుడు అభ్రకం గనిలో మేస్త్రీ. మావైపు దాన్ని మైకా అంటారు. పీటల మీద కూర్చున్నప్పుడు కూడా ఆయన చెవుల వెనక మైకా పొడి తళతళలాడుతూ ఉంది. మా వదినను చూసి జాలిపడినవాళ్ళను నేను ఎరుగుదును. నేనూ కొంచెం జాలిపడ్డాను. అది హాయిగానే ఉండింది. ఆ తర్వాత ఆయన ఒక పాత గనిని కౌలుకు తీసుకున్నాడు. అందరూ వదిలేసిన గుంటలో, అద్దం పలకల్లాంటి మైకా పడింది. ఆయన గూడూరులో మేడ కట్టాడు, కారు కొన్నాడు, సరుకు నేరుగా విదేశాలకు పంపడం మొదలుపెట్టాడు.

ఆశ్చర్యమేమంటే అప్పటిదాకా నా భార్యకు వాటి మీద కుళ్ళు లేదు. కారు చూసి నేను ముఖం మాడ్చుకుంటే, "మా అక్కదేగా," అనేది. వైశాఖంలో ఆ కారు మా వాకిట్లో ఆగేది. వదిన నగలన్నీ తీసి చేతిసంచిలో పెట్టి, మా వంటింట్లో నేల మీద కూర్చుని, మా ఆకులో సగం తినేది. దాంతో లెక్క సరిపోయేది.

ఆ ఏడు దశమినాడు మా వదిన ఆకాశంలో ఉండబోతోంది. చిక్కల్లా అక్కడ వచ్చింది.

సరుకు కొనే లండన్ వ్యాపారి ఒకాయన అంతకుముందు ఏడు గూడూరు వచ్చి, మా తోడల్లుడి ఇంట్లో పెళ్ళి ఫోటో చూసి, ఎన్నాళ్ళయిందని అడిగాడట. తిరిగి వెళ్ళి, మీ పెళ్ళిరోజుకు మా అతిథులుగా రండి అని ఇద్దరికీ టిక్కెట్లు పంపాడు. వ్యాపారం పని ఉంది కాబట్టి అనుమతులు దొరికాయి. అప్పటిదాకా మా వైపు పెళ్ళిరోజు జరుపుకోవడం అనే మాటే లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క ఆకు. మా తోడల్లుడు 'యానివర్సరీ' అనే మాట నేర్చుకుని, గూడూరు బజారంతా వాడాడు.

ఇక ఆ ఇంట్లో సన్నాహాలు మొదలయ్యాయి. వారానికొకసారి మేము వెళ్ళి చూసి కుళ్ళుకుని వచ్చేవాళ్ళం. మద్రాసులో కుట్టించిన సూటు వచ్చింది. టై కట్టడం నేర్పడానికి మిషన్ స్కూలు హెడ్మాస్టరు గారు సాయంత్రాలు వచ్చేవారు. ఆదివారం ప్రార్థనకు ఆయన ఎప్పుడూ టైతోనే పోయేవారు. మా వదిన మిద్దె మీద బూట్లతో నడవడం నేర్చుకునేది. ముల్లుగరిటెతో తినే అభ్యాసం దోసెతో మొదలైంది. దోసె సాగి, ముక్క ఎగిరి గోడకు అంటుకుంది. మా వదిన నవ్వి నవ్వి కూలబడింది. నా భార్య కూడా నవ్వింది. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం, "ఉన్నట్టుండి చెయ్యి ఏం పాపం చేసిందంట?" అంది.

వార్త రాయడం నా వంతు వచ్చింది. విదేశాలకు పోయేవాళ్ళ ఫోటో, కింద నాలుగు వాక్యాలు పత్రికల్లో వేసే రోజులవి. మా తోడల్లుడు దండ వేసుకుని, పక్కన వదినను నిలబెట్టి ఫోటో తీయించాడు.

"అబ్బయా, ఫస్టు క్లాసు అని రాయి. అది మరిచిపోబాక."

"రాస్తానన్నా."

"మొదటి తరగతి అని రాస్తావో, ఫస్టు క్లాసు అని రాస్తావో నీ ఇష్టం. పడాలి అంతే."

రాశాను. ఉద్యోగం ఉద్యోగమే. పెళ్ళిరోజును ఆకాశంలో జరుపుకోనున్న దంపతులని రాశాను, మొదటి తరగతి అని రాశాను, మైకా ఎగుమతికి ఈ యాత్ర తోడ్పడగలదని రాశాను. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి పట్టినంతసేపు తుపాను వార్తకు కూడా ఎప్పుడూ పట్టలేదు. ఒక్కొక్క మాట పన్ను పీకినట్టు వచ్చింది.

వాళ్ళు బయలుదేరిన రోజు పొద్దున గూడూరు స్టేషన్ నిండిపోయింది. మద్రాసు దాకా రైలు, అక్కడి నుంచి సాయంత్రం విమానంలో బొంబాయి, బొంబాయి నుంచి పెద్ద విమానం. మర్నాడు దశమి. అంటే మాకు తెల్లవారేసరికి వాళ్ళు సముద్రాలు దాటుతూ ఉంటారు. మెడ నిండా దండలతో మా తోడల్లుడు ప్లాట్‌ఫారం మీద అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. వదిన పెట్టెలోకి ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, నా భార్యను దగ్గరికి పిలిచింది.

"అమ్మే, రేపు ఆకు మరిచిపోబాక. నా సగం పెట్టు."

"పెట్టి?"

"పెట్టు. ఎవురికన్నా ఆకలైనోళ్ళకు ఇయ్యి. నేను పైన పెట్టుకుంటా."

"పైన ఆకులుంటాయా?"

"పళ్ళెమో, తట్టో, ఏదో ఒకటి ఉంటది గదా. దాంట్లో సగం నీది. ఒట్టు."

"నీకు యాడ గుర్తుంటదిలే అక్కా."

"ఏందే ఆ మాట?"

రైలు కదిలింది. మా వదిన ముఖం కిటికీ ఊచల మధ్య అలాగే, ఏందే ఆ మాట అని అడుగుతున్నట్టే దూరమైంది. స్టేషన్ బయటికి వచ్చాక నా భార్య ఒక్క మాట అంది. "గుర్తుంటే చాలు. నాకు ఇంకేమీ వద్దు."

అది నిజం కాదు. ఆమెకు చాలా కావాలి, నాకూ కావాలి. కానీ ఆ ఏడు ఆమె పందెం అంతా ఆ ఒక్కదాని మీద పెట్టుకుందని నాకు అర్థమైంది. అక్క ఫస్టు క్లాసులో కూర్చుని కూడా సగం పక్కన పెడితే, పందిట్లో మొదలైన లెక్క ఇంకా సరిగానే ఉన్నట్టు. పెట్టకపోతే బంధువులు అన్న మాటే నిజం. భాగ్యమంతా ఒక వైపే పోయినట్టు.

మర్నాడు ఆమె పొద్దున్నే తలంటుకుని వంట మొదలుపెట్టింది. మొలగొలుకుల బియ్యపు అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చారు, వడలు, పరమాన్నం. నేను వరండాలో కూర్చుని విమానం ఎక్కడ ఉంటుందో అట్లాసులో చూస్తున్నాను. వంటింట్లోంచి అప్పుడప్పుడు ప్రశ్నలు వచ్చేవి.

"ఇప్పుడు యాడుంటారు?"

"ఎడారి మీద ఉండొచ్చు."

"అక్కడ పొద్దు పొడిచిందా?"

"మన కంటే వెనక. మనకు మధ్యాహ్నమైనప్పుడు వాళ్ళకు ఇంకా పొద్దున్నే."

"అయితే అక్క నిద్రపోతా ఉంటది. కాళ్ళు చాపుకుని."

వడలు నూనెలో పడిన చప్పుడు వినపడింది. మళ్ళీ, "కుర్చీ పడుకుంటదంట గదా?" అంది.

"అట్లా అని రాశారు."

"ఎవురు?"

"పత్రికల్లో."

"మీరు కూడా ఇట్టాంటివన్నీ చదివి ఉంచుకుంటారు," అంది విసుగ్గా.

పదకొండు గంటల బస్సులో పత్రిక వచ్చింది. నేను విప్పగానే మూడో పుటలో ఫోటో. మా తోడల్లుడు దండతో నిండుగా ఉన్నాడు. వదిన తల దించుకుని ఉంది. పత్రిక ఆఫీసులో చోటు చాలక వార్తను కత్తిరించారు. మొదటి తరగతి అనే మాట ఎగిరిపోయింది. నేను తీయలేదు. తీసినవాడెవరో నాకు తెలియదు కానీ, ఆ పూట అతను నాకు ఆప్తుడిలా తోచాడు.

నా భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పత్రిక తీసుకుంది. ఆమె నిదానంగా, పెదవులు కదుపుతూ చదివేది. చదివి, ఫోటో చూసి, మళ్ళీ చదివింది.

"ఇదే తిథినాడు వివాహమాడిన దంపతులు, అని రాసినారే. ఆ పందిట్లో నలుగురం కదా కూర్చున్నది?"

"వార్త వాళ్ళ ప్రయాణం గురించి."

"సరే. ప్రయాణం చేస్తేనే పెళ్ళి అయినట్టు."

పత్రిక మడిచి నాకిచ్చి లోపలికి వెళ్ళింది. ఆకు కడిగి పరిచింది. ఈనెకు ఇవతల తనకు, అవతల అక్కకు సమంగా వడ్డించింది. రెండు వడలు ఇటు, రెండు వడలు అటు. పప్పు ఇటు, పప్పు అటు. అవతలి పక్క ఖాళీ పీట కూడా వేసింది. కూర్చుని తినడం మొదలుపెట్టింది. నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. తనది పూర్తయింది. ఎప్పుడూ ఆ వేళకు అక్క ఇంకా తింటూ ఉండేది, ఈమె కబుర్లు చెబుతూ ఉండేది. ఇప్పుడు చెయ్యి ఆకు మీదే పెట్టుకుని, అవతలి సగాన్ని చూస్తూ కూర్చుంది. పరమాన్నం మీద ఈగ వాలితే తోలింది.

తర్వాత ఆమె చెయ్యి ఈనె దాటింది.

అక్క వైపు పప్పన్నం కలిపింది. ముద్ద చేసి తిన్నది.

"అది వదినది కదా," అన్నాను.

"పైన వాళ్ళు ఎంతో పెట్టి ఉంటారు. దీని ఊసు ఎవురికుంటది?"

తొందర లేకుండా, పూర్తిగా తిన్నది. వంకాయ కూర, పరమాన్నం, రెండు వడలు. ఆకలితో తిన్నట్టు లేదు, ఇష్టంతో తిన్నట్టూ లేదు. ఒక పని పూర్తిచేసినట్టు తిన్నది. లేచి, ఆకు మడిచి, పెరట్లో పడేసి వచ్చి చెయ్యి కడుక్కుంది. నాకు మాత్రం ఆమె చేసింది అన్యాయంగా తోచలేదు. నాకూ ఈనె దాటే వీలుంటే దాటేవాణ్ణి.

నెల దాటిన తర్వాత వాళ్ళు తిరిగి వచ్చారు. గూడూరులో జనం తాకిడి తగ్గాక, ఒకరోజు పొద్దున కారు మా వాకిట్లో ఆగింది. నాకు కలం తెచ్చారు, ఆమెకు నైలాను చీర, సెంటు సీసా. నా భార్య తీసుకుని, బాగున్నాయని చెప్పి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ప్రయాణం ఎలా జరిగిందని ఒక్క మాట అడగలేదు. వదిన వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఏమీ తోచక తిరిగి వచ్చి మా దగ్గర కూర్చుంది.

అడగడం అంతా నా వంతయింది. సిగ్గు విడిచి అడిగాను. కుర్చీ ఎంత వెడల్పు, కిటికీ ఎంత పెద్దది, చప్పుడు ఎంత, కాళ్ళు ఎంతవరకు చాపుకోవచ్చు. మా తోడల్లుడికి అంతకంటే కావలసింది లేదు.

"మీట నొక్కితే కుర్చీ ఎనక్కి పోతదబ్బయా. మెత్తటి చెప్పులు ఇస్తారు. మన పెళ్ళి శుభలేఖ లేదా, అట్టాంటి అట్ట మీద ఏమేం వండినారో రాసి ఇస్తారు. కిటికీ చూస్తే నాకు నవ్వొచ్చింది. మన మొదటి రకం మైకా పలక ఉంటది చూడు, అచ్చం అదే."

"తినడానికి మొదట ఏమిచ్చారు?"

ఆయన వదిన వైపు చూశాడు. వదిన నవ్వు ఆపుకుంది.

"చెప్పండి, చెప్పండి," అంది.

"మొదట పట్టకారుతో తెల్లగా, చుట్టచుట్టి, ఆవిర్లు కక్కతా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది ఆ పిల్ల. ఆవిరి కుడుమనుకున్నా."

"కొరికినారు," అంది వదిన. "నేను చెయ్యి పట్టుకుని లాగితే తువ్వాలు బయటికొచ్చింది."

నేను నవ్వాను. కుళ్ళుమోతుకు అంతకంటే మంచి బహుమతి ఎవరూ తేలేరు. లోపల గిన్నె చప్పుడు ఆగింది కానీ నవ్వు వినపడలేదు.

"నాది నవ్వుతావు గానీ అబ్బయా, మీ వదిన నా మానం తీసింది. అది విను," అన్నాడు మా తోడల్లుడు. "ఈమె చేతి గడియారం తిప్పుకోలేదు. మన టైమే. పన్నెండయిందని నన్ను లేపింది. అక్కడ అప్పుడే తెల్లారి ఉంది. సరే, పలహారం తట్ట తెచ్చినారు. రొట్టె, వెన్న, నారింజపండు, గుడ్డు, ఇంకా ఏందేందో. ఈమె కత్తి తీసుకుని రొట్టె సగానికి కోసింది. వెన్న సగం. నారింజపండు సగం. గుడ్డు కూడా సగం. ఇటు సగం తిని, అటు సగం ముట్టుకోకుండా కూర్చుంది. ఆ పిల్ల వచ్చి తట్ట తీయబోయింది. ఈమె తట్ట పట్టుకుంది. ఆ పిల్ల లాగతది, ఈమె వదలదు."

"గట్టిగా ఏం లాగలేదు," అంది వదిన.

"లాగింది! బాగలేదా అమ్మా అని అడిగింది. పెద్దాఫీసరు కూడా వచ్చినాడు. ఫస్టు క్లాసులో అందరూ మెడలు తిప్పి చూస్తా ఉండారు. నాకొచ్చిన ఇంగ్లీషులో, ఇది ఈమె చెల్లెలికి అని చెప్పినా. ఆ పిల్ల ముఖం విప్పారింది. ఓహో, అట్టనా, మీ చెల్లెలు వెనక క్లాసులో ఉందా, సీటు ఎక్కడో చెప్పండి, నేనే తీసుకుపోయి ఇస్తా అని తట్ట ఎత్తుకుని ఎనక్కి బయలుదేరింది."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్పేది? ఎనక క్లాసులో లేదు తల్లీ, కోటలో ఉందని చెప్పినా. కోట ఎక్కడుందంటది. నెల్లూరు జిల్లా అంటి. అందరూ నవ్వినారు."

వంటింటి గుమ్మంలో నా భార్య వచ్చి నిలబడింది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. చేతిలో కాఫీ గ్లాసులు లేవు.

వదిన చేతిసంచి తెరిచి, మడత పెట్టిన తెల్లటి చేతిగుడ్డ తీసింది. విప్పితే లోపల సగం రొట్టె. గుండ్రటిదాన్ని నడిమికి కోసింది కావచ్చు. నెల రోజులకు ఎండి, సముద్రం ఒడ్డున దొరికే నురుగురాయిలా అయింది.

"ఇదొక్కటే మిగిలిందమ్మే. గుడ్డు ఆపొద్దే వాసనొచ్చింది. నారింజపండు బూజు పడితే లండన్లో పారేసినా. వెన్న గుడ్డకు అంటుకుంది చూడు, మరక. దీన్ని మాత్రం రోజూ ఎండలో పెట్టినా. అక్కడ ఎండ ఉంటే గదా."

నా భార్య దాన్ని చూసింది. ముట్టుకోలేదు.

"నా సగం ఎవురికి పెట్టినావే?" అంది వదిన.

నేను పత్రిక తీసుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"తినేసినా."

"నువ్వా?"

"నేనే. ఈనె దాటి."

"వడలు కూడానా?"

"రెండూ."

మా తోడల్లుడు తొడ చరుచుకుని పెద్దగా నవ్వాడు. "అక్కడ నేను తలెత్తుకోలేక చస్తి. ఇక్కడ ఈమె శుభ్రంగా కానిచ్చేసింది!" ఎవరూ తోడు నవ్వకపోయేసరికి ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఎందుకే?" అంది వదిన. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ఎందుకంటే ఏం చెప్పేది అక్కా. కుళ్ళు." ఇన్ని వారాలుగా మా ఇంట్లో మేమిద్దరం నోటితో అనని మాట అది. "నువ్వు కాళ్ళు చాపుకుని పోతా ఉండావు. పేపర్లో నీ ఫోటో. ఆ పందిట్లో నేను లేనట్టే ఉంది. ఇంక నన్ను ఈమె ఏం తలుచుకుంటదిలే అనుకున్నా. అనుకుని తిన్నా."

"కడుపు నిండిందా?"

"లేదు."

"నాకూ నిండలే. సగం తిని లండన్ దాకా కడుపు మాడ్చుకున్నా." వదిన లేచి కొంగు నడుముకు దోపుకుంది. "ఆకు కడుగు పో."

ఆ రోజు ఏ తిథో నాకు గుర్తు లేదు. దశమి మాత్రం కాదు. ఆకు పరిచారు. రొట్టె కత్తికి తెగలేదు, చేత్తో విరగలేదు. చివరికి రోట్లో వేసి పచ్చడి బండతో ఒక్క దెబ్బ వేస్తే నాలుగైదు ముక్కలయింది. నా భార్య ముక్కలన్నీ తన వైపు పెట్టుకుని, వాటి మీద వేడి చారు పోసింది. నానేదాకా ఇద్దరూ చెరో పక్క కూర్చున్నారు. అప్పుడు నా భార్య పెద్ద ముక్క ఒకటి ఏరి, వేలితో ఈనె మీదుగా అవతలికి నెట్టింది.

"అది నీది," అంది వదిన.

"నేను తిన్నదానికి."

"ఇది తింటే నా పళ్ళు ఊడతాయి."

"ఊడనీ. నీకు బంగారు పళ్ళు కట్టిస్తాడులే బావ."

వదిన నవ్వి, ముక్క నోట్లో వేసుకుంది. ఇద్దరూ నములుతున్నారు. ఆ చప్పుడు గుమ్మం దాకా వినపడింది. కొంతసేపటికి నా భార్య తన మొదటి ప్రశ్న అడిగింది.

"కుర్చీ నిజంగానే పడుకుంటదా అక్కా?"

"పడుకుంటది."

"బాగుంటదా?"

వదిన చెయ్యి ఆకు మీద ఆగింది. "బాగుంటదే. నీకు అబద్ధం చెప్పలేను."

నా భార్య తల ఊపింది. చారులో మునిగిన ఇంకో ముక్క తీసుకుంది.

"నాకింకా కుళ్ళుగానే ఉంది."

"ఉండనీ. తిను."

నేను లేచి వరండాలోకి వచ్చాను. మా తోడల్లుడు మా పడక కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, ఇంకేదో చోట ఉన్నట్టు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచాడు.

"ఎక్కడిదాకా చెప్పినా అబ్బయా?"

కుర్చీ సంగతి అప్పటికే రెండుసార్లు విన్నాను. "మీట నొక్కిన దగ్గర ఆగారన్నా," అని, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.